యాషికా మ్యాట్-124జి: బరంపురం ఎండకీ గోపాల్‌పూర్ ఉప్పుగాలికీ నిలుస్తుందా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పాత స్టూడియోల బీరువాల్లోంచి ఇప్పటికీ రెండు లెన్సుల ఫిల్ము కెమెరాలు అప్పుడప్పుడు బయటికొస్తుంటాయి. వాటిలో కొనేవాళ్లు పేరుపెట్టి అడిగేది యాషికా మ్యాట్-124జి. అమ్మేవాళ్లు మొదట చూపించేది మాత్రం వెలుతురు కొలిచే దాని మీటరు. "చూడండి, ముల్లు కదులుతోంది" అని ఆ ముల్లు మీదే రేటు పెంచుతారు. ఈ కెమెరాని లెన్సు కోసం కొనాలి, ఫిల్ము చుట్టే పక్క పిడి, అంటే క్రాంకు కోసం కొనాలి. మీటరు మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు. ఆ డబ్బు షట్టరు సర్వీసుకి దాచుకుంటే కెమెరా ఇంకో ఇరవై ఏళ్లు పనిచేస్తుంది.

మ్యాట్ వరుస 1957లో మొదలైంది. 124 వచ్చింది 1968లో. 124జి 1970 నుంచి 1986 దాకా తయారైంది. కింద ఫొటో తీసే లెన్సు 80 మిల్లీమీటర్ల యాషినాన్, ఎఫ్ 3.5. మూడు గుంపుల్లో నాలుగు గాజులు, పేరున్న టెస్సార్ లెన్సు తరహా అమరిక. పైన మనం చూసే లెన్సు కూడా 80 మిల్లీమీటర్లదే, కానీ ఎఫ్ 2.8. అందుకే నీడలో కూడా కెమెరా పైనున్న గాజు స్క్రీన్ మీద బొమ్మ ఓ మోస్తరు వెలుతురుగా కనిపిస్తుంది. షట్టరు కోపల్ ఎస్‌వీ, ఒక సెకను నుంచి 1/500 దాకా, బల్బు (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే స్థానం) అదనం. అపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్ 32 దాకా మూసుకుంటుంది; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఈ ఎఫ్ 32 మన ఎండల్లో ఎంత పనికొస్తుందో కింద చెప్తాను.

లెన్సు ఎఫ్ 3.5 దగ్గర మూలల్లో మెత్తగా ఉంటుంది. ఎఫ్ 8కి వచ్చేసరికి మూల నుంచి మూలకి పదునుగా తయారవుతుంది. ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర తీసిన నెగెటివులో పట్టుచీర అంచు నేత దారం దారం లెక్కపెట్టొచ్చు. నెగెటివు కొలత 6×6 సెంటీమీటర్లు అంటారు, నిజంగా వచ్చే బొమ్మ దాదాపు 56 మిల్లీమీటర్ల చదరం. బలహీనత ఎదురెండ దగ్గర ఉంది. సూర్యుడు ఫ్రేములో ఉన్నా, అంచున ఉన్నా తెల్లటి మసక కమ్మేస్తుంది. లెన్సు హుడ్డు లేకుండా సముద్రం ఒడ్డున తీయొద్దు. బే-1 సైజు హుడ్డు, ఫిల్టర్లు దీనికి సరిపోతాయి.

ఇక కొనేముందు చూసుకోవాల్సినవి. గంజాం తీరంలో మొదటి శత్రువు బూజు. వెనక తలుపు తెరిచి, షట్టరుని బల్బులో పెట్టి, అపర్చరు ఎఫ్ 3.5కి తెరిచి, ముందు నుంచి చిన్న టార్చి వేసి వెనక నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు పట్టినట్టే. పొగ ఊదినట్టు మసక ఉంటే అది పాత గ్రీజు ఆవిరి కావొచ్చు, చాలావరకు తుడిస్తే పోతుంది. బూజు అలా కాదు. ముదిరితే లెన్సు పైపూతని తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగిలిపోతుంది. పై లెన్సులో కొంచెం బూజు ఉన్నా ఫొటోకి నష్టం లేదు, చూడ్డానికి మాత్రమే ఇబ్బంది. కింది లెన్సు గాజుల మధ్య ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. ముందు గాజు మీద ఒకటి రెండు సన్నటి గీతలుంటే పట్టించుకోనక్కర్లేదు. వెనక గాజు మీది గీతలు దానికంటే ఎక్కువ నష్టం చేస్తాయి.

తర్వాత షట్టరు. ఈ కెమెరాల్లో పాడయ్యేది ఎక్కువగా నెమ్మది స్పీడులే. ఒక సెకను, అర సెకను, 1/4, 1/8 నడిపే చిన్న పళ్లచక్రాల మీద పాత గ్రీజు జిగురుగా మారి పట్టేస్తుంది. ఒక సెకను పెట్టి నొక్కితే సన్నగా "జ్‌ర్‌ర్" మని మోగుతూ చివరిదాకా ఒకే వరసన నడవాలి. మధ్యలో ఆగి మళ్లీ కదిలితే, లేదా షట్టరు రెక్కలు తెరుచుకునే ఉండిపోతే సర్వీసు చేయించాల్సిందే. ఫోన్‌లో ఆ చప్పుడు రికార్డు చేసి, తెరుచుకున్న క్లిక్కుకీ మూసుకున్న క్లిక్కుకీ మధ్య కాలం కొలిస్తే ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది. రెక్కల మీద నూనె మెరుపు కనిపించినా అదే మాట. చేతికి దొరికిన నూనె ఏదైనా ఒక చుక్క వేస్తే వదులవుతుందని ఎవరైనా చెబితే కెమెరా వాళ్ల చేతికివ్వకండి. ఆ చుక్క రెక్కలకి పాకి, ఒకదానికొకటి అంటుకుని, పని ఇంకా చెడుతుంది.

కిందపడిన కెమెరాని బయటినుంచి చూసి పట్టుకోవడం కష్టం. పక్క నుంచి చూస్తే ముందు లెన్సు పలక వెనక బాడీకి సమాంతరంగా ఉందో లేదో కొంత తెలుస్తుంది, అంతే. నమ్మదగిన పరీక్ష ఒకటుంది. వెనక తలుపు తీసి, ఫిల్ము ఆనుకునే లోపలి పట్టాల మీద నున్నగా లాగి ట్రేసింగ్ పేపరు అంటించండి. గరుకు గాజు ముక్క దొరికితే ఇంకా మంచిది, గరుకు వైపు లెన్సుకి తిప్పి పెట్టాలి. షట్టరు బల్బులో పెట్టి, కేబుల్ రిలీజు (షట్టరు నొక్కే తీగ) బిగించి తెరిచి ఉంచండి. అపర్చరు ఎఫ్ 3.5. దూరంగా నిక్కచ్చిగా అంచులున్న వస్తువు కావాలి. గోపాల్‌పూర్‌లో అయితే లైట్‌హౌసు ఉంది, బరంపురంలో అయితే మేడ మీద నుంచి కనిపించే సెల్ టవరు చాలు. పై స్క్రీన్‌లో భూతద్దంతో చూస్తూ ఫోకసు చేసి, ఆ తర్వాత ట్రేసింగ్ పేపరు మీద బొమ్మ కూడా అంతే పదునుగా ఉందేమో చూడండి. ఆ తర్వాత ఒకటిన్నర మీటరు దూరంలో పేపరు గోడకి అంటించి ఇదే పని చేయండి. రెండు చోట్లా పైనా కిందా కలిస్తే ఆ కెమెరా నమ్మొచ్చు. కలవకపోతే పైలెన్సుని సరిచేసే మెకానిక్కు కావాలి.

వెనక తలుపు అంచుల్లో ఉండే నల్ల స్పాంజి ఇన్నేళ్లకి తారులా మారిపోయి ఉంటుంది. వేలితో తాకితే అంటుకుంటుంది. ఇది లోపం కాదు, వయసు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో దూదిపుల్ల తడిపి గీకేసి, సన్నటి కొత్త స్పాంజి పట్టీ అంటిస్తే సరిపోతుంది. అలా చేయకపోతే ఫ్రేముల అంచున కాంతి కారిన చారలు వస్తాయి. అదే స్పాంజి పొడి ఫిల్ము మీద పడి నల్లచుక్కలవుతుంది.

రీలు ఎక్కించడంలో తొందరపడితే పన్నెండు ఫొటోలూ పోతాయి కాబట్టి ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. ఎండలో చేయొద్దు, చెట్టు నీడైనా చాలు. కెమెరా అడుగున ఉన్న తాళం చక్రం తిప్పితే వెనక తలుపు వదులవుతుంది. కింద మిగిలిన ఖాళీ స్పూలు పై అరలోకి మార్చాలి. పక్కనున్న గుండీ బయటికి లాగితే స్పూలు దిగుతుంది, గుండీ లోపలికి పోయి పట్టుకుందో లేదో తిప్పి చూడాలి. కొత్త రీలు కింది అరలో. కాగితం కొసని పైకి లాగి, పై స్పూలు చీలికలో నిటారుగా దూర్చి, కింది రీలు బొటనవేలితో అదిమి పట్టుకుని క్రాంకు మెల్లగా తిప్పాలి. కాగితం వంకరగా చుట్టుకుంటుంటే అప్పుడే విప్పి సరిచేయండి, తర్వాత సరవుతుందిలే అనుకోవద్దు. కాగితం మీద అడ్డంగా ఉన్న బాణం గుర్తు కెమెరా లోపలి స్టార్టు గుర్తుతో కలిసిన క్షణంలో ఆపాలి. అర సెంటీమీటరు దాటినా ఆ తేడా మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా వెంటాడుతుంది. తలుపు మూసి, క్రాంకు దానంతటది ఆగేదాకా తిప్పితే కౌంటరు 1 చూపిస్తుంది.

తలుపు మీది అదుము పలకకి రెండు స్థానాలుంటాయి. మనకి కావాల్సింది 12 ఫొటోలది, అంటే 120 రీలుది. 24 దగ్గరున్నది 220 రీలుకి. అందులో ఫిల్ము వెనక కాగితం ఉండదు కాబట్టి పలక ఇంకా దగ్గరగా అదుముతుంది. 120 రీలు వేసి పలక 24 దగ్గర వదిలేస్తే తిప్పడం బిగుసుకుంటుంది, ఫిల్ము గీసుకుపోతుంది. కొన్న రోజునే పలక 12 దగ్గర పెట్టి మర్చిపోండి.

క్రాంకుని ముందుకు ఆగేదాకా, తర్వాత వెనక్కి కూడా ఆగేదాకా తిప్పాలి. సగంలో వదిలితే షట్టరు పలకదు. ఫ్రేముల మధ్య ఖాళీ ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా వస్తుంటే, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే, ముందు స్టార్టు గుర్తు దగ్గర సరిగ్గా ఆపారో లేదో చూసుకోండి. అక్కడ తప్పు లేకపోతే చుట్టే యంత్రంలో పళ్లు అరిగినట్టు. విడిభాగాలు కొత్తగా రావు కాబట్టి అలాంటి కెమెరా కొనకపోవడమే మేలు.

1/500 విషయంలో ఒక జాగ్రత్త. ఆ స్పీడు కావాలంటే క్రాంకు తిప్పకముందే చక్రం 1/500 మీద పెట్టండి. తిప్పిన తర్వాత అటూ ఇటూ మారిస్తే లోపలున్న అదనపు స్ప్రింగు మీద భారం పడుతుంది. వయసు మీదపడిన షట్టర్లలో 1/500 నిజానికి అంత వేగం ఉండదు కూడా. అందుకే 400 ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్ము ఎంత చురుకో చెప్పే అంకె) రీలు వేసి నడి వేసవిలో బయటికెళ్తే 1/500, ఎఫ్ 16 కంటే 1/250, ఎఫ్ 22 నమ్మకం. చిల్కా నీళ్ల మీద, రంభ దగ్గర పడవలు తీసేటప్పుడు మెరుపు ఇంకా ఎక్కువ కాబట్టి ఎఫ్ 32 దాకా వెళ్లాల్సి రావొచ్చు. ముందు చెప్తానన్న మాట ఇదే. సెల్ఫ్ టైమరు వాడకండి. వాడకుండా దశాబ్దాలు పడి ఉన్న ఆ పళ్లచక్రం మధ్యలో ఇరుక్కుంటే షట్టరు మొత్తం ఆగిపోతుంది.

ఇప్పుడు మీటరు. స్క్రీన్ మీది మడత మూత తెరవగానే మీటరు పనిచేయడం మొదలుపెడుతుంది, మూస్తే ఆగిపోతుంది. స్పీడు, అపర్చరు చక్రాలు తిప్పుతూ రెండు ముళ్లని కలపాలి. ఐఎస్ఓ 25 నుంచి 400 దాకా పెట్టొచ్చు. ఏర్పాటు బాగానే ఉంది. చిక్కు బ్యాటరీతో. దీన్ని 1.35 వోల్టుల పాదరసం సెల్లు, పీఎక్స్ 625 కోసం చేశారు. ఆ సెల్లు ఇప్పుడు రాదు. అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు ఇస్తుంది. వోల్టేజీ ఎక్కువైతే ముల్లు వెలుతురు ఎక్కువుందని చెబుతుంది, మనం అపర్చరు మూస్తాం, నెగెటివు పల్చగా వస్తుంది. తేడా అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా ఉండొచ్చు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). పైగా ఆల్కలైన్ సెల్లు వాడేకొద్దీ వోల్టేజీ జారిపోతుంది కాబట్టి ఐఎస్ఓ మార్చి సర్దుకుందామన్నా ఈరోజు లెక్క వచ్చే నెల పనికిరాదు.

దీనికి మందు చెవి మిషన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. 675 సైజు జింక్ ఎయిర్ సెల్లు దాదాపు సరైన వోల్టేజీ ఇస్తుంది, చివరిదాకా నిలకడగా ఇస్తుంది. వెడల్పు 11.6 మిల్లీమీటర్లు, పాత సెల్లు 15.6, కాబట్టి చుట్టూ రబ్బరు రింగు వేస్తే సెల్లు గూటిలో కదలదు. మీద స్టిక్కరు పీకాక రెండు నిమిషాలు ఆగి అమర్చండి. పీకిన తర్వాత కొద్ది వారాలే పనిచేస్తుంది, మన తడిగాలిలో ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా, ఇన్నేళ్ల కాంతి సెల్లు సరిగ్గా చెబుతుందన్న హామీ లేదు. అందుకే మీటరు ఆగిపోయిన కెమెరా తక్కువ ధరకి వస్తుంటే, మిగతావన్నీ బాగుంటే, సంతోషంగా తీసుకోండి.

మీటరు లేకపోయినా మన ఎండకి లెక్క సులువు. 100 ఐఎస్ఓకి నడి ఎండలో 1/125, ఎఫ్ 16. గోపాల్‌పూర్ ఇసుక మీద ఎఫ్ 22. పల్చటి మబ్బుకి ఎఫ్ 11, దట్టంగా ఉంటే ఎఫ్ 8. అరుగు మీద, తెరిపి నీడలో ఎఫ్ 5.6. వానాకాలం సాయంత్రాలకి మాత్రం ఫోన్‌లో మీటరు యాప్ చూసుకోండి, అక్కడ కన్ను మోసపోతుంది. నెగెటివు ఫిల్ముకి వెలుతురు కొంచెం ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. అనుమానం వస్తే ఒక స్టాపు తెరవండి.

స్క్రీన్‌లో బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. దుకాణం బోర్డు మీది ఒడియా అక్షరాలు వెనక్కి తిరిగి ఉంటాయి, ఎడమ నుంచి వచ్చే రిక్షా కుడి నుంచి వస్తున్నట్టు ఉంటుంది. నడిచే మనిషిని వెంబడించాలంటే స్క్రీన్‌లో బొమ్మ ఎటు పోతోందో కెమెరాని దానికి ఎదురు దిక్కుకి తిప్పాలి. ఇది చేతికి అలవాటయ్యేదాకా కదిలేవాటిని వదిలేసి ముందే ఫోకసు పెట్టుకుని కాసుకోండి. మూడు మీటర్ల దగ్గర ఎఫ్ 8 పెడితే రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల దాకా పదునుగా వస్తుంది. ఒక మీటరు దగ్గర ఎఫ్ 3.5 పెడితే ఆ వెడల్పు ఐదారు సెంటీమీటర్లే. కంటి మీద ఫోకసు చేస్తే చెవి మసకబారుతుంది. భూతద్దం లేపకుండా అంత దగ్గర ఫోకసు చేయొద్దు.

దగ్గరి ఫొటోల్లో ఇంకో చిక్కుంది. మనం చూసే లెన్సు పైనుంది, తీసే లెన్సు కిందుంది. దూరంలో తేడా తెలియదు. ఒకటిన్నర మీటరు లోపల స్క్రీన్‌లో పై అంచుని తాకుతూ కనిపించిన తల నెగెటివులో తెగిపోతుంది. తలపైన ఒక వేలెడు జాగా వదలండి. ట్రైపాడ్ మీదుంటే ఫోకసు చేశాక రెండు లెన్సుల మధ్య దూరమంత కెమెరాని పైకి లేపితే లెక్క సరిపోతుంది.

ఈ కెమెరా నిజంగా గెలిచేది బరంపురం మగ్గాల ఇళ్లలో. అద్దం కదలదు కాబట్టి నొక్కినప్పుడు అదురు ఉండదు, షట్టరు చప్పుడు పక్కవాళ్లకి కూడా వినిపించనంత చిన్నది. వాకిట్లోంచి వచ్చే వెలుతురులో 400 ఐఎస్ఓకి 1/15, ఎఫ్ 4 దగ్గర మొదలవుతుంది. పట్టీ మెడకి వేసుకుని కెమెరాని కిందికి లాగి, పొట్టకి ఆనించి, ఊపిరి వదిలి నొక్కితే 1/15 చేత్తోనే నిలబడుతుంది. ముఖానికి అడ్డంగా కెమెరా లేదు, తల వంచుకుని చూస్తున్నాం కాబట్టి మగ్గం మీద కూర్చున్నాయన చేతిపని ఆపడు.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, బుఢీ ఠాకురాణి యాత్రలో వేషాలు తీసేటప్పుడు ఇంకో లాభం. రెక్కల షట్టరు కాబట్టి 1/500 దగ్గర కూడా ఫ్లాష్ పనిచేస్తుంది. కిరీటం నీడ ముఖం మీద పడి కళ్లు నల్లగా వచ్చే మధ్యాహ్నం 100 ఐఎస్ఓకి 1/500, ఎఫ్ 8 పెట్టండి. మీటర్లలో గైడ్ నంబరు (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 24 ఉన్న ఫ్లాష్‌ని సగం శక్తికి తగ్గిస్తే మూడు మీటర్ల దగ్గర ఎఫ్ 5.6కి సరిపోయే వెలుతురు ఇస్తుంది, అంటే ఎండ కంటే ఒక స్టాపు తక్కువ. రంగులు నిలుస్తాయి, ఫ్లాష్ కొట్టినట్టు తెలియదు. ముందున్న మీట ఎక్స్ మీద ఉండాలి. ఎం అనేది పాతకాలపు బల్బు ఫ్లాష్‌కి. బల్బు వెలగడానికి సమయం పడుతుంది కాబట్టి ఎం మీద షట్టరు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అప్పటికే వెలిగి ఆరిపోయి ఉంటుంది, ఆ కాంతి ఫిల్ముని చేరదు.

పన్నెండో ఫొటో అయ్యాక కాగితం పూర్తిగా చుట్టుకునేదాకా తిప్పి, నీడలోనే తలుపు తెరవండి. బయటికి తీసేటప్పుడు రీలు వదులైతే అంచుల నుంచి కాంతి దూరుతుంది, కాబట్టి బిగించి పట్టుకుని జిగురు పట్టీ తడిపి అంటించాలి. వానాకాలంలో ఆ జిగురు సరిగ్గా పట్టదు, ఒక రబ్బరు బ్యాండు జేబులో ఉంచుకోండి. నలుపుతెలుపు ఇంట్లో కడుక్కోవడం కష్టమేమీ కాదు. హెచ్‌పీ 5 ప్లస్ ఫిల్ముకి ఐడీ-11 అనే డెవలపరు మందు ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మన కుళాయి నీళ్లు మే నెలలో 30 దాటి ఉంటాయి. ఐసు ముక్కలు పాలిథిన్ కవరులో కట్టి మందు సీసాలున్న తొట్టిలో వేయండి. ఐసు నేరుగా మందులో వేస్తే పలచనైపోతుంది.

దాచడం దగ్గర చాలామంది చేసే పొరపాటు కెమెరాతో వచ్చిన తోలు కేసులోనే ఉంచేయడం. తోలు తేమ పీల్చుకుంటుంది, బూజుకి అదే ఇల్లు. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారితే సన్న సెగ మీద బాణలిలో వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన రోజు పొడి గుడ్డతో ఒళ్లంతా తుడవాలి, ఫోకసు నాబు సందుల్లో ఇసుక ఉంటే మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఇసుకతో నాబు తిప్పితే కరకరమంటూ లోపలి మర అరిగిపోతుంది. షట్టరు ఎక్కుపెట్టి దాచొద్దు, స్ప్రింగు బలం పోతుంది. నెలకోసారి తీసి అన్ని స్పీడులూ నాలుగైదుసార్లు నొక్కి పెడితే గ్రీజు గట్టిపడటం తగ్గుతుంది.

ధర ఎక్కువనిపిస్తే పక్కన చూడాల్సింది రెండు. బంగారు పూత కాంటాక్టులు లేని పాత 124 దాదాపు అదే కెమెరా, అదే లెన్సు, కాస్త తక్కువకి వస్తుంది. యాషికా-డి అయితే క్రాంకు బదులు నాబు తిప్పాలి, షట్టరుని ప్రతిసారీ చేత్తో ఎక్కుపెట్టాలి, మీటరు లేదు. నెమ్మదిగా, ఆలోచించి తీసేవాళ్లకి అది చాలు, పాడయ్యే భాగాలు కూడా తక్కువ. కాకపోతే డి మీద ముందు అక్షరాలు చదవండి. పాతవాటిలో యాషికోర్ లెన్సు ఉంటుంది, మూడే గాజులు, అంచులు మెత్తగా వస్తాయి. యాషినాన్ అని రాసి ఉంటేనే డబ్బులివ్వండి.